రాజుగారికి రావలసిన కన్నీళ్లు

రాజుగారు చనిపోయిన రెండో రోజున గాని, ఆయన కోసం ఎవరూ ఏడవలేదన్న సంగతి అధికారుల దృష్టికి రాలేదు.

అంతవరకు అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. రెండేళ్లుగా పేగుల జబ్బుతో తీసుకుంటున్న యూదా రాజు ఒక ఉదయం కన్నుమూశాడు. బూరలు ఊదారు. కోట గుమ్మాలకు గోనెపట్ట కట్టారు. శాస్త్రులు రాజుల వృత్తాంతాల చుట్ట విప్పి, ఎనిమిదేళ్ల పరిపాలన ఎక్కడ ముగియాలో అక్కడ వేలు పెట్టుకుని కూర్చున్నారు. దావీదు పురంలో, కొండను తొలిచి చేసిన రాజుల సమాధుల్లో ఒక రాతి అరుగు కడిగి ఆరబెట్టారు. వారసుడి గురించి తగువు కూడా లేదు. అన్నలందరినీ దండెత్తి వచ్చిన ఎడారి మూకలు చంపేశాక మిగిలిన కొడుకు ఒక్కడే, ఇరవై రెండేళ్లవాడు.

పని ఆగింది హషబ్యా దగ్గర.

హషబ్యా రాజవిలాప శాఖకు అధికారి. యాభై దాటిన బక్కపలచటి మనిషి. మాట్లాడే ముందు ఎదుటివాడు పూర్తిగా మాట్లాడేశాడో లేదో చూసుకునే అలవాటు. ఆ శాఖకు పని పడేది రాజు చనిపోయినప్పుడే. ఈ రాజుగారి తండ్రి పోయినప్పుడు జనం ఎంత ఏడ్చారంటే, హషబ్యా పనల్లా వాళ్లను బతిమాలి ఇళ్లకు పంపడమే అయింది. అందువల్ల శాఖ నిబంధనను ఎవరూ శ్రద్ధగా చదవలేదు. ఇప్పుడు తోలుచుట్ట తెరిచి చూస్తే, అందులో ఇలా ఉంది:

"ప్రజలు విలపించిన పిమ్మట సుగంధద్రవ్యముల దహనము జరుగవలెను. దహనము పిమ్మట రాజుల సమాధిలో నుంచవలెను. విలాపము ధ్రువపడనిదే నూతన రాజునకు పట్టాభిషేకము చేయరాదు."

ధ్రువపరచవలసింది హషబ్యా. అతను ఊళ్లోకి వెళ్లాడు. మత్స్యపు గుమ్మం దగ్గర చేపలు అమ్ముతున్నారు. ఒక వీధిలో పెళ్లి జరుగుతోంది. కోనేటి మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్లు అధికారిని చూసి గొంతు తగ్గించారు గాని, నవ్వు ఆపలేదు. సాయంత్రం కోటకు తిరిగి వచ్చి, గృహనిర్వాహకుడు పెలట్యా ముందు నిలబడ్డాడు. రాజు తర్వాత రాజంతటివాడు పెలట్యా. రాజు లేడు కనుక, ప్రస్తుతానికి ఆ 'తర్వాత' కూడా లేదు.

"విలాపం ఎంతవరకు వచ్చింది?" అన్నాడు పెలట్యా.

"ఇంకా మొదలవలేదయ్యా."

"జాప్యానికి కారణం?"

"జనానికి ఏడుపు రావడం లేదు."

పెలట్యా కాసేపు గడ్డం దువ్వుకున్నాడు. "రావడం లేదు అనే మాట ఎక్కడా రాయకు. ప్రజల దుఃఖము పరిశీలనలో ఉన్నది అని రాయి."

మర్నాడు చాటింపు వేశారు. సదరు పట్టణ ప్రజలెల్లరు ప్రొద్దు గుంకులోపల గుమ్మపు వీధిలో సమావేశమై స్వచ్ఛందముగా విలపించవలెననియు, స్వచ్ఛందముగా విలపింపనివారు శిక్షార్హులనియు ఆ చాటింపు సారాంశం. జనం వచ్చారు. క్రమశిక్షణగా నేల మీద కూర్చున్నారు. ఎండలో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మధ్యాహ్నానికి ఒక ముసలి కుమ్మరి లేచి, హషబ్యా దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఏడవడానికి మాకేం అభ్యంతరం లేదు. ఏమని ఏడవమంటారు?"

"రాజుగారు పోయారని."

"ఆ సంగతి మాకు తెలుసు కదండీ," అని కుమ్మరి మర్యాదగా వెళ్లి తన చోట కూర్చున్నాడు.

నాలుగో రోజున పెలట్యాకు ఒక ఆలోచన వచ్చింది. దుఃఖంలో ఉన్నవాళ్లు బట్టలు చింపుకోవడం ఆచారం. కన్నీరు ఆవిరైపోతుంది గాని, చిరుగు నిలిచి ఉంటుంది. పన్నెండుమంది పరిశీలకులు దిగువ పట్టణమంతా తిరిగి, పదింట తొమ్మిదిమంది చిరిగిన బట్టల్లోనే ఉన్నారని సంతోషంగా నివేదిక తెచ్చారు.

"ఇంతకంటే ఏం కావాలి?" అన్నాడు పెలట్యా.

"అవి ఇప్పుడు చింపుకున్నవి కావయ్యా," అన్నాడు హషబ్యా. "ఈ రాజుగారు గద్దెనెక్కి పన్నులు వేసిన ఏడాది నుంచి అవే కట్టుకుంటున్నారు."

"అంటే ఎనిమిదేళ్ల ముందు నుంచే రాజుగారి మరణానికి సంతాపంలో ఉన్నారన్నమాట. ముందుచూపు గల ప్రజలు."

ధర్మశాస్త్రం చూసే ముసలి శాస్త్రి మూల నుంచి దగ్గాడు. రాజు బతికి ఉండగా ఆయన చావుకు సంతాపం పాటించడం రాజద్రోహమని, ఈ నివేదికను ఆమోదిస్తే పదింట తొమ్మిదిమందిని రాళ్లతో కొట్టించవలసి ఉంటుందని, అంత రాయి నగరంలో లేదని మనవి చేశాడు. పెలట్యా నివేదికను చుట్టి, కూర్చున్న మెత్త కింద పెట్టుకున్నాడు.

అయిదో రోజున రోదన స్త్రీలను పిలిపించారు. కూలికి ఏడ్చే ఆడవాళ్లు వాళ్లు. వాళ్ల పెద్ద షెలోమీతు, కర్ర పోటేసుకుని వచ్చి, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చుంది.

"మేం ఎవరికైనా ఏడుస్తామయ్యా. గాడిదల దొంగ చస్తే వాడికీ ఏడ్చాం. వాడి చెయ్యి ఎంత చురుకో చెప్పి పాట కట్టాం, ఊరంతా ముక్కు చీదుకుంది. పాటలో పెట్టుకోవడానికి రాజుగారి మంచి ఒక్కటి చెప్పండి. తక్కినది మేం చూసుకుంటాం."

శాస్త్రులు ఒక పగలంతా గ్రంథాలు తిరగేశారు. చివరికి దొరికింది. ఏడేళ్ల వయసులో రాజుగారు తప్పిపోయిన ఒక గొర్రెపిల్లను దాని యజమానికి అప్పగించారట. షెలోమీతు బాగుందన్నట్టు తలూపి, రాగం కూడా ఎత్తుకుంది. ఇంతలో చదువుతున్న శాస్త్రి తర్వాతి పంక్తి కూడా చదివేశాడు: గొర్రెపిల్లను దాచింది ఆయనే, తండ్రి దెబ్బలు వేస్తే అప్పగించాడు. షెలోమీతు రాగం ఆపి, కర్ర అందుకుంది.

ఈలోగా రాజదేహం ఉన్న గదికి రెండు పక్కలా ఉన్న గదులు ఖాళీ చేయించారు. తర్వాత ఆ అంతస్తు ఖాళీ చేయించారు. రాజదేహపు స్థితి ఆశాజనకముగా లేదని వైద్యులు నివేదించారు. గుమ్మం దగ్గర తీర్పుల కోసం వచ్చినవాళ్లు గుడారాలు వేసుకున్నారు. తీర్పు చెప్పవలసిన కుర్రాడు యువరాజూ కాడు, రాజూ కాడు. అతన్ని ఏమని పిలవాలో తెలియక పరిచారకులు దూరం నుంచే వంగి దణ్ణాలు పెట్టి తప్పుకుంటున్నారు.

ఏడో రోజు పొద్దున పరిశీలకుడొకడు పరుగెత్తుకొచ్చాడు. నగరం చెత్తంతా బయటికి పోయే పెంట గుమ్మం దగ్గర ఒక ఆడమనిషి ఏడుస్తోంది. బలవంతపు ఏడుపు కాదు, ఆరు రోజులుగా ఏడుస్తూనే ఉంది.

హషబ్యా చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచి వెళ్లాడు.

ఆమె గోడ వారన బూడిదలో కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి. తల మీద బూడిద, చెంపల మీద బూడిదలో పడ్డ చారలు. హషబ్యా అయిదడుగుల దూరంలో ఆగిపోయాడు. పాత రాజుగారు పోయినప్పుడు విన్న ఏడుపు ఇలాంటిదే. దాన్ని నేర్పడానికి వీలుకాదని అతనికి ఈ ఏడు రోజుల్లో బాగా తెలిసొచ్చింది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "రాజుగారి కోసమేనా?"

"ఏ రాజు బాబూ?"

"మొన్న పోయినాయన."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని అతన్ని ఎగాదిగా చూసింది. "నేను ఎలీషామా కోసం ఏడుస్తున్నా."

హషబ్యా చుట్టూ చూశాడు. ఆ పేరు ఎనిమిదేళ్లుగా ఎవరూ పైకి అనలేదు.

చనిపోయిన రాజుకి ఆరుగురు తమ్ముళ్లుండేవారు. గద్దెనెక్కిన వారంలోనే ఆయన ఆరుగురినీ ఒకే రోజు కత్తికి అప్పగించాడు. అదే సాయంత్రం ఒక ఉత్తర్వు వచ్చింది: రాజకుటుంబమున ఎవరును మరణించి యుండలేదు, మరణించిరని దుఃఖించువారు అబద్ధము ప్రచారము చేయువారిగా ఎంచబడుదురు. ఎవరూ మరణించలేదు కనుక, ప్రతి అమావాస్య విందుకు కోటలో ఆరు ఆసనాలు వేస్తూనే ఉన్నారు. వడ్డించేవాళ్లు ఆ ఆరు ఆసనాల ముందూ వంగి, ఇంకొంచెం వేసుకోమని అడగాలి. అడుగుతున్నారు కూడా.

"నువ్వు ఎలీషామాకి ఏమవుతావమ్మా?"

"పాలిచ్చిన దాదిని. తిర్సా అంటారు. వాడికి నిద్రపట్టాలంటే నా చెవి పట్టుకుని ఉండాలి. పెద్దవాడై మీసం వచ్చాక కూడా నేను కనపడితే నా చెవి లాగి నవ్వేవాడు." ఆమె చెవిని ఒకసారి తడుముకుంది. "ఏడిస్తే తల తీస్తామన్నారు కదా. ఎనిమిదేళ్లు లోపలే పెట్టుకున్నా. తిండి తింటుంటే పైకి వచ్చేది, నీళ్లు తాగి దించేదాన్ని. మొన్న బూర వినపడింది. వద్దన్నవాడే పోయాక ఇంకెవరు అడుగుతారు?"

హషబ్యా ఆమె పక్కన కూర్చున్నాడు. చేతిలోని రాతపలక నేల మీద పెట్టాడు. ఎనిమిదేళ్ల కిందట, ఆ రోజు, విలాపానికి ఏర్పాట్లు చేయమంటారా అని పైవాళ్లను అడగడానికి వెళ్లింది అతనే. ఎవరు చచ్చారని విలాపం అని అడిగారు. ఎవరూ లేరయ్యా అని చెప్పి, ఇంటికి వెళ్లి, చిక్కుడుగింజల పులుసుతో రొట్టె తిన్నాడు. ఆ రోజు పులుసు బాగుందని భార్యతో అనడం కూడా అతనికి గుర్తుంది.

"నాతో కోటకు రావాలమ్మా," అన్నాడు చివరికి.

"తల తీయడానికా?"

"కాదు. ఏడవడానికి."

తిర్సా ఆలోచించింది. "వాళ్లను ఎక్కడ పెట్టారో చెప్పు. వస్తాను."

హషబ్యాకు తెలియదు. కాని పెంట గుమ్మం కావలివాడు ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. అడిగితే, ముందు తెలియదన్నాడు. ఏడుస్తున్న మనిషి వైపు చూసి, తర్వాత చెప్పాడు.

"ఆ రోజు ఆరు బండ్లలో విరిగిన కుండలు బయటికి పోయాయని రాయించారండి. లోయలో, కుమ్మరులు పెంకులు పారేసే చోట, సున్నపు గుంటలో దించారు. కుండలకు చేతులుంటాయా అని నేను అడగలేదు. పిల్లలు గలవాణ్ణి."

హషబ్యా తిర్సాను ఆ లోయలోకి తీసుకువెళ్లి, గుంట చూపించాడు. తెల్లగా గట్టిపడ్డ సున్నం మీద పెంకులు పరుచుకుని ఉన్నాయి. ఆమె అక్కడ ఏడవలేదు. చేతికి అందినంత మేర పెంకులు ఏరి, ఒక పక్కన పెట్టింది. తర్వాత లేచి, "పద బాబూ" అంది.

కోటలో పెలట్యా సంగతంతా విని, ముసలి శాస్త్రిని పిలిపించాడు. ఇద్దరూ తోలుచుట్టను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివారు.

"ఏడ్చునది పౌరురాలేనా? పౌరురాలే," అన్నాడు శాస్త్రి. "రాజు మరణానంతరము ఏడ్చుచున్నదా? ఏడ్చుచున్నది. ఎవరి కొరకు అన్న అంశమును నిబంధన స్పృశించుట లేదు."

"ఒక్క మనిషిని ప్రజలు అనవచ్చునా?"

"ఆరంభము అనవచ్చును."

తిర్సా ఒకటే అడిగింది. తన వాడి పేరు, వాడి అన్నదమ్ముల పేర్లు పైకి చెప్పి ఏడుస్తుంది. పెలట్యా ముఖం మాడింది. కాని, రాజదేహం ఉన్న అంతస్తు నుంచి గాలి ఆ గది వైపు తిరగడంతో, ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకుని, "విలాపములో నామవాచకములకు అనుమతి ఇవ్వబడినది" అన్నాడు.

మధ్యాహ్నం జనాన్ని మళ్లీ గుమ్మపు వీధికి పిలిచారు. ఇదే పని రెండోసారి గనుక, జనం విసుగ్గా వచ్చి కూర్చున్నారు. తిర్సా మెట్ల మీద నిలబడింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఎలీషామా," అని పిలిచింది. బజారుకు పోయిన పిల్లవాణ్ణి అన్నానికి పిలిచినట్టు పిలిచింది. "ఇబ్హారు. నోగహు. యాఫీయ. ఎల్యాదా. నెఫెగు."

వీధి కదలలేదు. జనం పరిశీలకుల చేతుల వైపు చూశారు. పరిశీలకుల చేతుల్లో రాతపలకలే ఉన్నాయి, కత్తులు లేవు. తిర్సా మళ్లీ మొదటి పేరు నుంచి అందుకుంది. మూడో పేరు దగ్గర, ముందు వరసలో ఉన్న ముసలి కుమ్మరి, "మా పెద్దాడు ఇబ్హారు దొర గుర్రాలు చూసేవాడు, ఆ దొరతోనే వాణ్ణీ చంపేశారు" అని పక్కవాడితో చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక నేల మీదికి ఒరిగిపోయాడు. ఒక స్త్రీ ఎడారి మూకలు ఎత్తుకుపోయిన కూతురి పేరు అంది. ఇంకెవరో పొరుగున ఉన్న ఎదోము దేశం మీది యుద్ధంలో పోయిన తమ్ముడి పేరు అన్నారు. ఎవరి పేరు వాళ్లు అనడం మొదలుపెట్టాక, ఇంక ఏ పేరూ వినపడలేదు. వీధంతా ఒకటే ఏడుపు. చాటింపువాడు డప్పు పక్కన పెట్టి ఏడ్చాడు. కర్ర పోటేసుకుని చూడవచ్చిన షెలోమీతు, నలభై ఏళ్లుగా కూలికి ఏడ్చిన మనిషి, కూలి మాట ఎత్తకుండా ఏడ్చింది.

పరిశీలకులు ఉత్సాహంగా రాసుకున్నారు: అపూర్వము, అపారము, ఆసాంతము తృప్తికరము.

కోట పై కిటికీ దగ్గర రాజు కాబోయే కుర్రాడు నిలబడి ఉన్నాడు. పెలట్యా, హషబ్యా ధ్రువపత్రంతో లోపలికి వచ్చారు.

"వీళ్లు ఎవరి కోసం ఏడుస్తున్నారు?" అన్నాడు కుర్రాడు.

"దివంగత మహారాజుగారి కోసం, ప్రభూ," అన్నాడు పెలట్యా.

"నేను హషబ్యాను అడిగాను."

ఎవరూ లేరయ్యా అని చెప్పి ఇంటికి వెళ్లవచ్చు. ఆ దారి హషబ్యాకు తెలిసిందే.

"మీ చిన్నాన్నల కోసం, ప్రభూ. ఆరుగురి కోసం. తక్కినవాళ్లు వాళ్ల వాళ్ల కోసం."

"మా నాన్న కోసం ఒక్కళ్లూ లేరా?"

"ఆరు రోజులు వెతికాను, ప్రభూ."

కుర్రాడు కిటికీ చట్రం మీద వేలితో గీస్తూ నిలబడ్డాడు. "నాకూ రాలేదు," అన్నాడు. "రెండేళ్లు ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావురా, ఎప్పుడు పోతానా అని చూస్తున్నావా అనేవాడు. మొదట్లో అందుకు కాదు. తర్వాత తర్వాత అందుకే అయింది."

హషబ్యా పత్రం బల్ల మీద పరిచి, కలం ముంచి రాశాడు: "ప్రజలు విలపించిరి. రాజు కొరకు కాదు." కింద ముద్ర వేశాడు.

పెలట్యా తోలు మీద రాత చెరిపే చాకు తీశాడు. రెండో వాక్యం మీద ఆనించాడు. తర్వాత ఏదో తోచినట్టు ఆగాడు. నలభై ఏళ్ల అనుభవం గల అధికారి ఆయన.

"చెరపనక్కర్లేదు," అన్నాడు నెమ్మదిగా. "మొదటి వాక్యం పట్టాభిషేక శాఖకు పంపండి. వాళ్లకు అది చాలు. రెండో వాక్యం సమాధుల శాఖకు పంపండి."

అలాగే జరిగింది. విలాపం ధ్రువపడింది గనుక, కుర్రాడికి ఆ సాయంత్రమే కిరీటం పెట్టారు. విలాపం రాజుగారి కోసం కాదు గనుక, సుగంధద్రవ్యాల దహనం జరగలేదు. దహనం జరగలేదు గనుక, కడిగి ఆరబెట్టిన అరుగు ఇవ్వడానికి సమాధుల శాఖ ఒప్పుకోలేదు. రాజుగారిని దావీదు పురంలోనే, రాజుల సమాధులకు కొంచెం ఇవతల పాతిపెట్టారు. వృత్తాంతం రాసే శాస్త్రి వారం రోజులుగా పెట్టుకున్న వేలు తీసి, ఆయన ఎవరికీ ఇష్టం లేనివాడై చనిపోయాడని రాసి, ఇసుక చల్లాడు.

హషబ్యా ఇంట్లో మూట కట్టుకుని, బంట్రోతుల కోసం మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు బంట్రోతు వచ్చాడు, ఉత్తర్వుతో. తల కోసం కాదు.

కిరీటం పెట్టుకున్న రాత్రి కొత్త రాజుగారికి నిద్రపట్టలేదట. రేపు తాను పోతే ఏమిటన్న ఆలోచన పట్టుకుంది. పెలట్యా అభయమిచ్చి, ఉత్తర్వు తయారుచేశాడు: "రాజు మరణానంతరము ప్రజల దుఃఖము సకాలమున సమకూరకపోవుట వలన కలుగు ఇక్కట్లను దృష్టియందుంచుకొని, ఇకమీదట ప్రతి సంవత్సరము ఒక దినమున, రాజు జీవించియుండగనే, ప్రజలు ముందస్తుగా విలపించి పెట్టవలెను. బతికియున్న రాజునకు విలపించుట రాజద్రోహమను పూర్వ అభిప్రాయము రద్దు పరచడమైనది."

ఈ విలాపానికి కూడా హషబ్యానే అధికారి. ఒక్క మనిషి కూడా రాడని అతను అనుకున్నాడు. విలాపదినం తెల్లవారి కోట గుమ్మం తెరిపించేసరికి, దిగువ పట్టణమంతా బయట నిలబడి ఉంది. రొట్టెలు, అంజూరపు పళ్లు మూట కట్టుకుని కొండ ఊళ్ల నుంచి కూడా వచ్చారు. తిర్సా ముందు వరసలో ఉంది. పేర్లు మరిచిపోకుండా కొందరు తాళ్లకు ముడులు వేసుకుని తెచ్చుకున్నారు. దుఃఖించరాదన్న పాత ఉత్తర్వును ఎవరూ రద్దు చేయలేదు గనుక, దేశంలో ఏడుపుకు అనుమతి ఉన్న రోజు అదొక్కటే. దాన్ని పోగొట్టుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. పొద్దెక్కేసరికి కొత్త రాజుగారి కిటికీ దాకా వినిపించేటట్టు ఏడ్చారు.

రాజుగారు చాలాసేపు విన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంతమందా?" అన్నారు.

"ఇంకా వస్తున్నారు, ప్రభూ," అన్నాడు హషబ్యా.

"ఒక్క రోజు వీళ్లకు చాలదు. వచ్చే ఏటి నుంచి రెండు రోజులు పెట్టండి."

పెలట్యా వెంటనే రాయించాడు. చాటింపువాడు మెట్లెక్కి రెండు రోజుల సంగతి చెప్పగానే, జనం ఏడుపు ఆపి, కిటికీ వైపు తిరిగి, రాజుగారు చల్లగా ఉండాలని చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆ దణ్ణంలో వెతికినా అబద్ధం లేదు.